సరిహద్దులో వలసదారుల కోసం: అమెరికాలో చదివే తెలుగు విద్యార్థి ఏం చేయొచ్చు, ఎలా చేయాలి

2019 జూన్ 18న శాన్‌ఫ్రాన్సిస్కోలో, నైన్త్ సర్క్యూట్ అప్పీల్ కోర్టులో ఒక విచిత్రమైన వాదన నడిచింది. మెక్సికో సరిహద్దులో పట్టుకున్న పిల్లల్ని ఉంచేచోట సబ్బు, టూత్‌బ్రష్ ఇచ్చి తీరాలా అన్నది అక్కడి ప్రశ్న. పిల్లల్ని సురక్షితంగా, పరిశుభ్రంగా ఉంచాలని ప్రభుత్వం కోర్టులో కుదుర్చుకున్న 1997 నాటి ఫ్లోరెస్ ఒప్పందం చెబుతుంది. నిజమే, కానీ అందులో సబ్బు అని ఎక్కడా రాయలేదు కదా అన్నారు ప్రభుత్వం తరఫు లాయర్. ముగ్గురు జడ్జీల్లో ఒకరు ఎ.వాలెస్ తషిమా. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో జపాన్ మూలాలున్న కుటుంబాలను అమెరికా క్యాంపుల్లో పెట్టినప్పుడు, ఆయన చిన్నపిల్లాడిగా అరిజోనాలోని పోస్టన్ క్యాంపులో ఉన్నారు. సబ్బూ బ్రష్షూ దుప్పటీ లేకపోతే అది శుభ్రమైన చోటు కాదని ఎవరికైనా తెలిసేదే కదా అని ఆయన నిలదీశారు. ఆగస్టులో కోర్టు ప్రభుత్వ అప్పీలును కొట్టేసింది.

మీ క్యాంపస్‌లో ఏదైనా మొదలుపెట్టే ముందు ఈ కేసు నుంచి ఒక్క సంగతి పట్టుకోండి. అడిగినవి కంటికి కనిపించే వస్తువులు. ఇవ్వాల్సింది ఎవరో కచ్చితంగా తెలుసు. లాయర్లు లోపలికి వెళ్లి పిల్లల మాటలు రాసుకొచ్చి కోర్టు ముందు పెట్టారు. "మానవత్వం చూపండి" అని ప్లకార్డు పట్టుకుంటే ఎవరూ కాదనరు, ఎవరూ ఏమీ చేయరు కూడా. ఆ మాట ఫలానా ఆఫీసుని ఉద్దేశించినది కాదు కాబట్టి ఏ ఆఫీసూ జవాబు చెప్పక్కర్లేదు.

ఇది ప్రధానంగా అమెరికాలో చదువుకుంటున్న తెలుగు విద్యార్థుల కోసం, ఇక్కడే పుట్టి పెరిగిన మన పిల్లల కోసం రాస్తున్నాను.

ముందు మీ స్టేటస్ సంగతి చూసుకోండి

గుంపులో సిటిజన్, గ్రీన్ కార్డు, ఎఫ్-1 (విద్యార్థి వీసా) ముగ్గురూ ఉంటారు. ముగ్గురూ ఒకే పని చేయకూడదు. 2025 వసంతంలో వేలమంది విదేశీ విద్యార్థుల సెవిస్ (విద్యార్థి వీసాల ప్రభుత్వ డేటాబేస్) రికార్డులను ఉన్నట్టుండి రద్దుచేశారు. కొందరి విషయంలో కారణం ఎప్పుడో పడిన ట్రాఫిక్ కేసు. కోర్టుల్లో వరుసగా ఎదురుదెబ్బలు తగిలాక ఏప్రిల్ చివర్లో తిరిగి పునరుద్ధరించారు. అదే ఏడాది జూన్ నుంచి ఎఫ్, ఎమ్, జె వీసాలకు దరఖాస్తు చేసేవాళ్లు సోషల్ మీడియా ఖాతాలను అందరికీ కనిపించేలా పెట్టాలన్నారు. స్టాంపింగ్‌కి హైదరాబాద్ వెళ్లాల్సినవాళ్లు ఈ రెండూ గుర్తుపెట్టుకోవాలి.

కాబట్టి ఎఫ్-1 మీద ఉన్నవాళ్లు అరెస్టయ్యే అవకాశం ఏమాత్రం ఉన్నా ఆ పనికి దూరంగా ఉండండి. రోడ్డు దిగ్బంధం, ఆఫీసులో బైఠాయింపు లాంటివి సిటిజన్ స్నేహితులకు వదిలేయండి. ఎన్నికల ప్రచారానికి పది డాలర్లు కూడా ఇవ్వొద్దు. గ్రీన్ కార్డు లేని విదేశీయులు ఇవ్వడాన్ని ఫెడరల్ చట్టం నిషేధించింది. స్వచ్ఛంద సంస్థలో ఉచితంగా పనిచేయొచ్చు, కానీ మామూలుగా జీతమిచ్చి చేయించుకునే పనిని ఉచితంగా చేసినా చిక్కే, అందుకని ముందే డీఎస్‌వోకి (యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే అధికారికి) ఈమెయిల్ పెట్టి రాతపూర్వకంగా జవాబు తెచ్చుకోండి. నోటిమాట సరిపోదు.

ఇన్ని చెప్పానని భయపడి ఊరుకోమని కాదు. పరిశోధన, అనువాదం, ఉత్తరాలు రాయడం, లెక్కలు చూసుకోవడం, కాంగ్రెస్ ఆఫీసుకి ఫోన్ చేయడం ఎఫ్-1 విద్యార్థి కూడా చేయొచ్చు. నిజానికి ఏ గుంపుకైనా కొరత ఈ పనులు చేసేవాళ్లకే. మైకు పట్టుకోవడానికి జనం ఎప్పుడూ దొరుకుతారు.

గుంపులో ఎవరికైనా అసలు కాగితాలే లేకపోవచ్చు. అది వాళ్లు చెబితే వినండి, మీరు అడగొద్దు, వాట్సాప్ గ్రూపులో ఎవరి స్టేటస్ గురించీ రాయొద్దు.

ఏ ఆఫీసు ఏం చేస్తుందో తెలుసుకోండి

ఉత్తరాలు ఎక్కువగా దారితప్పేది ఇక్కడే. ఆకుపచ్చ యూనిఫాం బోర్డర్ పెట్రోల్‌ది. వంతెనల మీద, గేట్ల దగ్గర పాస్‌పోర్టు చూసే నీలం యూనిఫాం వాళ్లు వేరు. ఇద్దరూ సీబీపీ (కస్టమ్స్, సరిహద్దు రక్షణ సంస్థ) కిందివాళ్లే. పట్టుకున్నవాళ్లను సీబీపీ తన గదుల్లో మామూలుగా 72 గంటలకు మించి ఉంచకూడదని దాని సొంత 2015 నియమావళే చెబుతోంది. ఆ గదుల చలి భరించలేక వలసదారులు వాటికి 'ఇయెలేరా' అని పేరుపెట్టారు, ఐసు పెట్టె అని. తర్వాత పెద్దవాళ్లు ఐస్ (దేశం లోపల వలస చట్టాలు అమలుచేసే, నిర్బంధ కేంద్రాలు చూసే సంస్థ) చేతికి వెళతారు. తల్లిదండ్రులు లేకుండా వచ్చిన పిల్లల్ని 2008 చట్టం ప్రకారం 72 గంటల్లో ఆరోగ్య శాఖలోని ఓఆర్ఆర్‌కి (శరణార్థుల పునరావాస కార్యాలయానికి) అప్పగించాలి. అసైలం (ఆశ్రయం) కేసు వినే ఇమిగ్రేషన్ జడ్జి వీళ్లెవరి కిందా ఉండరు. న్యాయశాఖ ఉద్యోగి. ఆ కోర్టులో లాయర్‌ని పెట్టుకునే హక్కుంది గానీ ఖర్చు ప్రభుత్వం భరించదు. పదేళ్ల పిల్లకైనా అంతే.

ఇప్పుడు ఒక తెల్లకాగితం తీసుకుని మూడు లైన్లు రాయండి: ఏం కావాలి, ఎవరివ్వాలి, ఎప్పటిలోగా. మూడూ నిండకపోతే ఇంకా చదవాల్సింది ఉందన్నమాట.

మనవాళ్లకు దగ్గరి ఉదాహరణ ఒకటుంది. 2022లో అరిజోనాలోని యూమా దగ్గర బోర్డర్ పెట్రోల్ సిక్కుల తలపాగాలు తీయించి చెత్తలో పడేస్తోందని బయటపడింది. పౌరహక్కుల సంస్థ ఏసీఎల్‌యూ అరిజోనా శాఖ ఆ ఆగస్టులో సీబీపీ కమిషనర్‌కి ఉత్తరం రాసింది. జాతివివక్ష గురించి వ్యాసం రాయలేదు. ఏ సెక్టార్‌లో, ఎన్ని తలపాగాలు, సీబీపీ సొంత నిబంధనల్లో దేనికి విరుద్ధం, ఏం మార్చాలి, ఇదీ ఉత్తరం. విచారణ మొదలుపెట్టామని సీబీపీ చెప్పుకోవాల్సి వచ్చింది.

ఏది ఎంచుకోవాలో తోచకపోతే టెక్సస్‌లోని డిల్లీతో మొదలుపెట్టొచ్చు. మన రాజధాని కాదు, శాన్ ఆంటోనియోకి నైరుతి దిక్కున గంటకు పైగా డ్రైవ్ చేస్తే వచ్చే చిన్న ఊరు. తల్లిదండ్రుల్ని, పిల్లల్ని కలిపి నిర్బంధించే 2,400 పడకల కేంద్రం అక్కడుంది. 2014లో తెరిచారు, 2024లో మూశారు, 2025లో మళ్లీ తెరిచారు. నడిపేది కోర్‌సివిక్ అనే ప్రైవేటు కంపెనీ. పిల్లలున్న కుటుంబాన్ని ఎన్నాళ్లు ఉంచొచ్చన్నదానికి ఫ్లోరెస్ కేసులో జడ్జి డాలీ గీ 2015 తీర్పుల నుంచి 20 రోజుల లెక్క నడుస్తోంది. ఆ ఒప్పందమే ఎత్తేయమని ప్రభుత్వం అడిగితే 2025 ఆగస్టులో ఆమె ఒప్పుకోలేదు. "డిల్లీలో 20 రోజులు దాటిన పిల్లలెందరు? ప్రతి నెలా లెక్క బయటపెట్టండి" అన్నది ఒక విద్యార్థి సంఘం మోయగల కోరిక. "నిర్బంధ కేంద్రాలన్నీ మూసేయండి" అన్నది మీ నమ్మకం కావచ్చు, ఉంచుకోండి. కానీ సెమిస్టర్‌కి పెట్టుకునే పని అది కాదు.

ఫిర్యాదు ఎక్కడ చేయాలన్నదీ మారిపోయింది. హోంలాండ్ సెక్యూరిటీలో పౌరహక్కుల ఫిర్యాదులు చూసే సీఆర్‌సీఎల్ ఆఫీసు సిబ్బందిని 2025 మార్చిలో దాదాపు మొత్తంగా తీసేశారు. పాత గైడ్లు ఇంకా అక్కడికే రాయమంటాయి. రాయండి, ఒక కాపీ ఉంటుంది. ఆశలు మాత్రం కాంగ్రెస్ మీద, కోర్టుల మీద పెట్టుకోండి.

సరిహద్దుకు వెళ్లాలనిపిస్తే

స్ప్రింగ్ బ్రేక్‌లో వ్యాన్ కట్టుకుని వెళ్లి ఫొటోలు దిగి రావడానికైతే వద్దు. అక్కడ ఏళ్ల తరబడి పనిచేస్తున్న సంస్థలున్నాయి. ఎల్ పాసోలో 1978 నుంచి నడుస్తున్న అనన్సియేషన్ హౌస్, నోగాలెస్‌లో కీనో బోర్డర్ ఇనీషియేటివ్, టూసాన్‌లో హ్యూమేన్ బోర్డర్స్, నో మోర్ డెత్స్. ముందుగా రాసి, మీతో వాళ్లకు పనేమైనా ఉందా అని అడగండి. లేదంటే లేదనే అర్థం. 2025 జనవరి తర్వాత దక్షిణ సరిహద్దులో అసైలం దారి దాదాపు మూసుకుపోయింది, దాటి వచ్చేవాళ్లూ బాగా తగ్గారు. షెల్టర్లలో అప్పటిలా వందల ప్లేట్లు కడిగే పని ఉండకపోవచ్చు, వాళ్లకు కావాల్సింది డబ్బో, స్పానిష్ వచ్చినవాళ్లో కావచ్చు.

ఎడారి పని అన్నిటికంటే కష్టం. 1994లో శాన్ డియాగో దగ్గర ఆపరేషన్ గేట్‌కీపర్ మొదలయ్యాక ఊళ్ల దగ్గర కాపలా పెరిగి, జనం సోనోరా ఎడారిలోకి మళ్లారు. ఎడారి తనంతట తానే ఆపేస్తుందన్నది ఆ విధానం వెనక లెక్క. ఆపలేదు. దక్షిణ అరిజోనాలో దొరికిన మృతదేహాలు, అవశేషాలను పీమా కౌంటీ వైద్యాధికారి కార్యాలయం, హ్యూమేన్ బోర్డర్స్ కలిసి మ్యాపులో ఎక్కిస్తున్నాయి. చుక్కలు 4 వేలు దాటాయి. ఎవరైనా చూడొచ్చు. చుక్క మీద నొక్కితే దొరికిన తేదీ, చావుకు కారణం వస్తాయి, చాలాచోట్ల పేరు స్థానం ఖాళీ. మీ మొదటి మీటింగులో ఉపన్యాసం బదులు ఆ మ్యాపు ఒక పది నిమిషాలు తెరమీద పెట్టండి చాలు.

వాలంటీర్లు మోసుకెళ్లే నీళ్ల డబ్బా ఒక గ్యాలన్. నిండితే దాదాపు 3.8 కిలోలు. బ్యాగులో నాలుగు పెట్టుకుంటేనే నడుం పట్టేస్తుంది. 40 డిగ్రీలు దాటిన ఎండలో రోజుల తరబడి నడిచే మనిషికి సరిపడా నీళ్లు మోసుకెళ్లడం సాధ్యంకాదని అప్పుడు అర్థమవుతుంది. డబ్బా మీద మార్కర్‌తో తేదీ వేస్తారు, పక్కన స్పానిష్‌లో ఒక మంచిమాట రాస్తారు. తర్వాత వచ్చి ఎన్ని వాడారు, ఎన్ని చీరేశారు అన్నది లెక్క రాసుకుంటారు. నో మోర్ డెత్స్ లెక్కలో 2012 నుంచి 2015 మధ్య ధ్వంసమైన గ్యాలన్ డబ్బాలు కనీసం 3,586. చూశారా, ఓపిగ్గా రాసుకున్న లెక్కే చివరికి సాక్ష్యమైంది.

చట్టం విషయంలో తమాషా వద్దు. కాబేసా ప్రియెటా అభయారణ్యంలో పర్మిట్ లేకుండా వెళ్లి నీళ్లు పెట్టారని నలుగురు మహిళా వాలంటీర్లను 2019 జనవరిలో దోషులన్నారు, ఏడాది తర్వాత పై జడ్జి ఆ తీర్పును కొట్టేశారు. అజో ఊరి దగ్గర ఇద్దరు వలసదారులకు తిండి, చోటు ఇచ్చినందుకు స్కాట్ వారెన్ అనే భూగోళశాస్త్ర బోధకుడి మీద 20 ఏళ్ల దాకా జైలు పడగల కేసులు పెట్టారు. మొదటి జ్యూరీ తేల్చలేకపోయింది, 2019 నవంబర్‌లో రెండో జ్యూరీ నిర్దోషి అంది. రెండు కేసుల్లోనూ చివరికి మంచే జరిగింది కదా అనుకోవద్దు, మధ్యలో గడిచిన కాలం లెక్కేసుకోండి. దారిలో ఎవరైనా కనిపిస్తే నీళ్లు, తిండి ఇవ్వండి, ప్రాణాపాయమైతే 911కి ఫోన్ చేయండి. కారెక్కించుకోవద్దు. సంస్థ శిక్షణ తీసుకోకుండా ఎడారిలో అడుగే పెట్టొద్దు.

ఎఫ్-1 వాళ్లకు ఇంకోమాట. సరిహద్దుకు 100 మైళ్ల లోపు హైవేల మీద చెక్‌పోస్టులుంటాయి. పాస్‌పోర్టు, ఐ-94 (దేశంలో ప్రవేశించిన రికార్డు), ఐ-20 (యూనివర్సిటీ ఇచ్చే విద్యార్థి పత్రం) దగ్గరుంచుకోండి. నోగాలెస్‌లో గేటు దాటి మెక్సికో వైపు భోంచేసి వద్దామన్నా ఐ-20 మీద డీఎస్‌వో ట్రావెల్ సంతకం ఉండాలి, వీసా గడువు చూసుకోవాలి.

సరిహద్దుకు వెళ్లకుండా చేసే పనుల్లో నాకు బాగా నచ్చింది టెక్సస్ స్టేట్ యూనివర్సిటీ వాళ్లది. 2013 నుంచి అక్కడి విద్యార్థులు ప్రొఫెసర్ కేట్ స్ప్రాడ్లీ దగ్గర, దక్షిణ టెక్సస్‌లో పేరు లేకుండా పూడ్చిన వలసదారుల అవశేషాలను పరీక్షించి, ఎవరివో గుర్తించి, ఇళ్లకు చేర్చే ప్రయత్నం చేస్తున్నారు. మీరు చదివే కోర్సులో ఇలాంటి సాయానికి చోటుందా అని మీ ప్రొఫెసర్‌ని అడిగి చూడండి. డేటా సైన్స్ వాళ్లకైతే సమాచార హక్కు కింద బయటికొచ్చిన నిర్బంధ లెక్కలు కుప్పలుగా ఉన్నాయి.

మనుషుల కథలు తీసుకునేటప్పుడు

ఇక్కడ మంచి ఉద్దేశమే చెడు చేస్తుంది. మీరు రాసిన కథలో ఒక వలసదారు మహిళ మార్చిలో ఊరు వదిలిందని ఉంది, అసైలం దరఖాస్తులో ఏప్రిల్ అని ఉంది. 2005 నాటి రియల్ ఐడీ చట్టం ప్రకారం, అసలు విషయానికి సంబంధం లేని చిన్న తేడాను పట్టుకుని కూడా జడ్జి ఆమె మాట నమ్మదగినది కాదనొచ్చు. మీ వ్యాసానికి లైకులు వస్తాయి, ఆమె కేసు పోతుంది.

కేసు నడుస్తున్నవాళ్ల కథ వాళ్ల లాయర్ ఒప్పుకోకుండా బయటపెట్టొద్దు. పేరు, ఊరు, తేదీలు, ముఖం, పచ్చబొట్టు, వెనకాల కనిపించే షెల్టర్ గోడ, ఏదీ ఫొటోలో రానివ్వొద్దు. ఒప్పుకున్నాక కూడా తర్వాత వద్దనే హక్కు ఉందని చెప్పండి. "ఎందుకొచ్చావు" అని మొదలుపెట్టకండి. వాళ్లు ఆ ప్రశ్నకు యూనిఫాంల ముందు ఇప్పటికే చాలాసార్లు జవాబు చెప్పి ఉంటారు. తిన్నారా, ఇంటికి ఫోన్ చేశారా అని అడగండి.

హిందీ, పంజాబీ, గుజరాతీ వచ్చినవాళ్లు మన గుంపుల్లో ఉంటారు. ఇది చిన్న విషయం కాదు. 2018లో ఓరెగాన్‌లోని షెరిడన్ జైలుకి 123 మంది అసైలం కోరేవాళ్లను తెచ్చి పెట్టినప్పుడు వాళ్లలో అందరికంటే ఎక్కువ మన దేశంవాళ్లే. లాయర్లకు దుబాసీల అవసరం పడింది. దగ్గర్లోని లా స్కూల్ ఇమిగ్రేషన్ క్లినిక్‌కి మీకొచ్చిన భాషల జాబితా పంపండి. అనువదించేటప్పుడు వాళ్ల మాట అందంగా చేయకండి, కుదించకండి, వాళ్లు అన్నది అన్నట్టే చెప్పండి.

కాంగ్రెస్ ఆఫీసుతో పని

ఓటు లేనివాళ్లు కూడా ఫోన్ చేయొచ్చు. ఆ నియోజకవర్గంలో ఉంటే చాలు, అక్కడి కాంగ్రెస్ సభ్యులు మీ ప్రతినిధే. క్యాపిటల్ స్విచ్‌బోర్డు 202-224-3121. ఫోన్ ఎత్తేది ఎక్కువగా మీ వయసు ఇంటర్నే. జాబితాలో ఒక గీత పెట్టుకుంటారు. నిమిషంలో ముగించండి. ఇలా:

"నమస్తే. నేను ఫలానా యూనివర్సిటీ విద్యార్థిని, ఫలానా జిప్‌కోడ్‌లో ఉంటాను. డిల్లీ నిర్బంధ కేంద్రంలో 20 రోజులు దాటి ఉన్న పిల్లల లెక్క ఐస్‌ని అడగమని సభ్యులవారిని కోరుతున్నాను. అడిగారో లేదో నాకు రాతపూర్వకంగా జవాబు కావాలి. నా ఈమెయిల్ రాసుకుంటారా?"

చివరి ప్రశ్న వదిలేయొద్దు. జవాబు ఇవ్వాలంటే ఎవరో ఒకరు ఆ విషయం చదవాలి కదా.

రెండోది, జిల్లా ఆఫీసుకి స్వయంగా వెళ్లడం. ఆగస్టులో సభ్యులు ఊళ్లో ఉంటారు. ఐదుగురు చాలు, ఒక్కరే మాట్లాడాలి, ఒకరు రాసుకోవాలి. బడ్జెట్ చట్టంలోని ఒక నిబంధన ప్రకారం కాంగ్రెస్ సభ్యులు నిర్బంధ కేంద్రాలను ముందస్తు నోటీసు లేకుండా తనిఖీ చేయొచ్చు. 2025లో ప్రభుత్వం నోటీసు ఇవ్వాల్సిందే అంటే, డజను మంది సభ్యులు కోర్టుకెక్కారు. మీ సభ్యుడు ఎప్పుడైనా వెళ్లారా అని అడగండి. వెళ్లకపోతే ఎప్పుడు వెళతారని అడగండి.

మూడోది చాలామందికి తెలియదు. నిర్బంధంలో ఉన్నవాళ్లు ప్రైవసీ రిలీజ్ ఫారం మీద సంతకం చేస్తే, కాంగ్రెస్ ఆఫీసు ఆ ఒక్క మనిషి గురించి ఐస్‌ని నేరుగా ఆరా తీస్తుంది. మందులు అందకపోవడం, ఎక్కడికి తరలించారో తెలియకపోవడం లాంటి వాటికి ఊరేగింపు కంటే ఈ ఫారం పనిచేస్తుంది.

క్యాంపస్‌లో

మీ యూనివర్సిటీ డబ్బు ఎక్కడుందో చూడండి. కొలంబియా విద్యార్థులు ఏడాదికి పైగా వెంటపడితే 2015లో ఆ యూనివర్సిటీ ప్రైవేటు జైలు కంపెనీల్లో పెట్టిన పెట్టుబడి వెనక్కి తీసుకుంది. అందులో ఒకటి సీసీఏ. ఆ మరుసటి ఏడాది సీసీఏ పేరు మార్చుకుని కోర్‌సివిక్ అయింది, అదే డిల్లీ నడిపే కంపెనీ. వాళ్లు ప్రెసిడెంట్ ఇంటిముందు అరిచి ఊరుకోలేదు, ట్రస్టీల బోర్డుకి సలహా ఇచ్చే కమిటీ ఏదో పట్టుకుని దాని ముందు కూర్చున్నారు. మీ దగ్గర అలాంటి కమిటీ పేరేమిటో కనుక్కోవడమే మొదటి వారం పని.

ఇమిగ్రేషన్ కోర్టు విచారణలు సాధారణంగా ఎవరైనా కూర్చుని చూడొచ్చు, అసైలం విచారణను మాత్రం కేసున్న మనిషి కోరితే బయటివాళ్లకు మూసేస్తారు. నోటుబుక్కు తీసుకెళ్లండి, ఫోన్ తీయొద్దు. లాయర్ ఉన్నాడా, దుబాసీ ఉన్నాడా, ఎన్ని నిమిషాల్లో ముగిసింది అన్న మూడే రాసుకోండి. ఎఫ్-1 వాళ్లు దీన్ని సిటిజన్లకు వదిలేయడం మేలు, 2025 మే నుంచి ఆ కోర్టు వరండాల్లోనే ఐస్ అరెస్టులు జరుగుతున్నాయి.

మనవాళ్లతో మాట్లాడేటప్పుడు

ఇండియన్ స్టూడెంట్స్ అసోసియేషన్‌లో ఈ మాట ఎత్తగానే వచ్చే జవాబు తెలిసిందే. "మనం లీగల్‌గా వచ్చాం, వాళ్ల గొడవ మనకెందుకు." ఇంట్లో నాన్నగారు ఇంకాస్త గట్టిగా అంటారు. వాదనకు దిగకండి. 2011 జనవరి గుర్తుచేయండి. కాలిఫోర్నియాలో ట్రైవ్యాలీ యూనివర్సిటీ మూసేసినప్పుడు, చెల్లే వీసాతో విమానం దిగిన మన ఆంధ్రా పిల్లల కాళ్లకు రేడియో ట్యాగులు కట్టారు. అప్పుడు మన పత్రికలు, ఢిల్లీలో విదేశాంగ శాఖ అది తగని పని అన్నాయి. సరిగ్గానే అన్నాయి. 2025 ఫిబ్రవరి 5న అమృత్‌సర్‌లో దిగిన అమెరికా సైనిక విమానంలో 104 మందిని చేతులకు బేడీలు, కాళ్లకు గొలుసులు వేసి తెచ్చారు. వీళ్లలో చాలామంది అప్పుచేసి, ఏజెంటుకి లక్షలు పోసి, డంకీ దారిలో (దేశాలు దాటుకుంటూ దొంగదారిన) వచ్చినవాళ్లు. తప్పు చేశారనుకున్నా, గొలుసు ఆ తప్పుకు చట్టంలో రాసిన శిక్ష కాదు.

ఒప్పుకోనివాళ్లు ఒప్పుకోరు. వాళ్లను వదిలేసి, ఒప్పుకున్న ఇద్దరికి పని అప్పజెప్పండి.

వెళ్లేముందు అప్పగించండి

విద్యార్థి సంఘాలు చచ్చిపోయేది మే నెలలో. నడిపేవాళ్లకు డిగ్రీ వచ్చేస్తుంది, ఈమెయిల్ పాస్‌వర్డ్ వాళ్లతో వెళ్లిపోతుంది. నిర్బంధ కేంద్రం వాళ్లకు, కాంగ్రెస్ ఆఫీసు వాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు, సెలవుల దాకా జవాబు సాగదీస్తే చాలు. కాబట్టి మార్చిలోనే జూనియర్లలో ఇద్దర్ని ఎంచుకుని పక్కన కూర్చోబెట్టుకోండి. ఒక ఫోల్డర్‌లో రాసిన ప్రతి ఉత్తరం, వచ్చిన ప్రతి జవాబు, ఎవరితో ఏ తేదీన మాట్లాడారో పెట్టండి. వలసదారుల పేర్లు, ఫోన్ నంబర్లు అందులో ఉండకూడదు, లాయర్ దగ్గరే ఉండాలి. కొత్తవాళ్లను కాంగ్రెస్ ఆఫీసులోని ఆ ఉద్యోగికి ఈమెయిల్‌లో పరిచయం చేయండి. ఫెడరల్ ఆర్థిక సంవత్సరం అక్టోబర్ 1న మొదలవుతుంది, నిర్బంధానికి డబ్బు ఎంతివ్వాలన్న బేరం వేసవిలోనే నడుస్తుంది. మీ జూనియర్లు ఫోన్ చేయాల్సిన నెలలు అవే, అప్పుడు క్యాంపస్ ఖాళీగా ఉన్నా సరే.